ముల్లు లేవలేదు

నా బావమరిది అబద్ధాలకోరు. ఈ సంగతి నా భార్య పోయిన రోజునుంచి నాకు తెలుసు.

ఆ రోజు తన అక్కను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి కారు తెస్తానని బయలుదేరినవాడు అంతా అయిపోయాక వచ్చాడు. "దారిలో బండి ఆగిపోయింది బావా" అన్నాడు. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని నేను అడగలేదు. అడిగితే నమ్మాల్సి వస్తుంది. ఆ తరవాత ఒకరి గుమ్మం ఒకరం తొక్కలేదు.

ఇప్పుడు లాకప్పు గోడకి వీపు ఆనించి కూర్చుని వాడు మళ్లీ అదే మాట అన్నాడు.

"దారిలో బండి ఆగిపోయింది బావా."

"ఎందుకాగింది?"

"వేడెక్కి."

"వేడి చూపించే ముల్లు నీ ఎదురుగానే ఉంటుంది కదా. చూళ్లేదా?"

"చూశాను. లేవలేదు."

నేను ఊచలకి ఇవతల స్టూలు మీద కూర్చున్నాను. వాడి ముఖం చూడకుండా చేతులు చూస్తున్నాను. అబద్ధం చెప్పేవాడి ముఖం కుదురుగానే ఉంటుంది, చేతులు ఉండవు. వాడి చేతులు మోకాళ్ల మీద కదలకుండా ఉన్నాయి. అది నాకు నచ్చలేదు.

వాడు కోల్డ్ స్టోరేజ్ ఓనరు దగ్గర డ్రైవరు. మూడు రోజుల కిందట మధ్యాహ్నం ఓనర్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కొండదారి ఎక్కుతుంటే ఇంజను ఆగింది. వీడు డబ్బా పట్టుకుని నీళ్లకోసం కింద చెక్‌పోస్టు దాకా నడిచాడు. గంట దాటాక తిరిగొచ్చాడు. ఓనరు అదే సీట్లో ఉన్నాడు. మెడకి కారు తుడిచే గుడ్డ బిగించి ఉంది. తలుపులకి తాళం. తాళంచెవి వీడి జేబులో.

ఇంతకన్నా తేలికైన కేసు ఏ ఇన్‌స్పెక్టర్‌కీ దొరకదు. సాయంత్రం నాలుగింటికి కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి జైలు. ఆపైన ఆ కారూ చేతికి దొరకదు, వీడూ దొరకడు.

నేను నా అంతట నేను రాలేదు. పొద్దున్నే మా మామ వచ్చి నా గుమ్మం ముందు నిలబడ్డాడు. మెట్టు ఎక్కలేదు. "అల్లుడూ, నా కొడుకు వెధవే. హంతకుడు కాడు. నువ్వు డిటెక్టివ్‌వి కదా, పోయి చూడు" అన్నాడు. కూతురి ఊసు ఎత్తలేదు. ఎత్తితే తలుపు వేసేవాణ్ణి. ఆ ముసలాయన ఇప్పుడు స్టేషను ముందు గదిలో బల్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఇక్కడికి వినిపిస్తోంది.

"ముల్లు ఎక్కడుంది? సరిగ్గా చెప్పు."

"మామూలుగా సగానికి ఉండేది బావా. ఓ వారంనుంచి సగానికి బాగా కిందే ఉంటోంది. బండి చల్లగా నడుస్తోందని మురిసిపోయాను. ఓనర్‌తో కూడా అన్నాను."

"ఏమన్నాడు?"

"'నీ బుర్రలాగే దానిదీ చల్లబడిందిరా' అని నవ్వాడు."

"ఇంజను మరుగుతుంటే వాసన రాలేదా?"

"అద్దాలు మూసి ఏసీ వేసుకున్నాం. ఆయన ఫోనులో ఒకటే అరుపులు."

"ఎవరి మీద?"

"తమ్ముడి మీద. వాటాల గొడవ. బండి ఆగాక కూడా ఆయనకే చేశాడు, వచ్చి తీసుకెళ్లమని. నేను నీళ్లకి బయలుదేరేటప్పుడు ఇంకా ఫోనులోనే ఉన్నాడు."

నేను స్టూలు మీంచి లేచాను. "ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"చెప్పకేం. ఆ తమ్ముడేమో నాకెవరూ ఫోను చెయ్యలేదన్నాడట. ఓనరు ఫోను ఎక్కడా దొరకలేదు. ఇన్‌స్పెక్టర్ గారు నవ్వారు. ముల్లు సంగతే అబద్ధమైనవాడు ఫోను సంగతి నిజం చెబుతాడా అన్నారు."

అదీ లెక్క. వాడి ప్రాణం ఆ ముల్లు మొన మీద ఉంది. ముల్లు లేవలేదన్నది నిజమైతే మిగతా మాటలు వినక తప్పదు. అబద్ధమైతే ఇరవయ్యేళ్లు బండి నడిపినవాడు ఎర్రగీత కళ్ల ముందు కనపడుతున్నా ఇంజను చంపాడంటే, అక్కడ ఆపాలనే ఆపాడు.

"ఈ మధ్య బానెట్ ఎవరైనా ఎత్తారా?"

"రాత్రిళ్లు బండి మా ఇంటి ముందే ఉంటుంది. నేను తప్ప ఎవరెత్తుతారు?"

"నువ్వెత్తావా?"

"లేదు. ఎత్తాల్సిన పని పడలేదు."

నేను కదలబోతుంటే ఊచలు పట్టుకున్నాడు. "బావా. నువ్వైనా నమ్ముతావా?"

"నమ్మడానికి రాలేదు. చూడ్డానికి వచ్చాను" అన్నాను.

*

కారుని స్టేషను వెనక రేకుల షెడ్డులో పెట్టారు. షెడ్డుకి ఒకే షట్టరు, కిటికీ లేదు. కారు లోపల ఎంత ఇరుగ్గా ఉందంటే గోడకి వీపు రాసుకుంటూ పక్కకి నడిస్తే తప్ప బానెట్ దగ్గరికి పోలేం. రేకు మీద ఎండ పడి లోపల గాలి ఉడికిపోతోంది.

ఈ స్టేషను ఇన్‌స్పెక్టర్‌ని కానిస్టేబుళ్లు చాటుగా ఇస్త్రీ అంటారు. చొక్కాలాగే కేసు కూడా ముడత లేకుండా ఉండాలి ఆయనకి. ఒకసారి ఆయన మడత పెట్టిన కేసుని నేను నలిపాను. ఆయన అది మరిచిపోలేదు.

"రండి డిటెక్టివ్ గారూ. బావమరిది బతక్కోరతాడు అంటారు కదా. ఇక్కడ బావగారే బావమరిది బతుకు కోరుతున్నారు!"

"కోరడం లేదు. చూస్తానన్నాను."

"చూడండి, చూడండి. హెడ్డూ, షట్టరు సగం దించు. గేటు దగ్గర ఓనరు మనుషులు పోగయ్యారు. ఇటు తొంగి చూస్తే గోల."

హెడ్ కానిస్టేబులు షట్టరు నడుము దాకా దించాడు. వెలుగు మోకాళ్ల కిందికి జారింది. బానెట్ రేకుకి తగిలించిన బల్బు ఒక్కటే మిగిలింది. బయట ఎవరో చనిపోయిన ఓనరు పేరు చెప్పి, మా వాడి పేరు చెప్పి, మా వాడి తల్లి ప్రస్తావన తెచ్చి అరుస్తున్నారు. మా అత్త పోయి చాలాకాలమైంది. ఆమెకి వినపడదు.

"ఇంజను నిజంగానే వేడెక్కింది. అందులో వాదన లేదు" అన్నాడు ఇస్త్రీ. "ఫ్యాన్ తిప్పే మోటారు కాలిపోయింది. పాత బండి, కాలుతుంది. నీళ్లు కారిపోలేదు, లోపలే మరిగాయి. అప్పుడు ముల్లు ఎర్రగీత మీద కూర్చోవాలి. కూర్చోలేదంటాడు మీవాడు. చూపిస్తా చూడండి."

తాళంచెవి తిప్పాడు. డ్యాష్‌బోర్డు వెలిగింది. ముల్లు అట్టడుగున పడుకుని ఉంది. ఇంజను పక్కన ఒక వైరు వేలాడుతోంది. మామూలుగా దాని చివర సెన్సర్ ఉంటుంది. బొటనవేలంత ఇత్తడి ముక్క, మరలు ఉంటాయి, ఇంజనులోకి బిగించాలి. నీళ్ల వేడి తెలుసుకుని ముల్లుకి కబురు పంపేది అదే. ఇప్పుడు దాన్ని విప్పేసి ఉంచారు. ఇస్త్రీ వైరు కొస పట్టుకుని ఇంజను ఇనుముకి ఆనించాడు. ముల్లు లేచింది. ఆగకుండా ఎర్రగీత దాటింది.

"వైరు బాగుంది. ముల్లు బాగుంది. ఇక సెన్సర్. హెడ్డూ, ఆ కెటిల్ ఇలా తే."

మరుగుతున్న నీళ్ల కెటిల్ వచ్చింది. ఇస్త్రీ సీలు వేసిన కవరు విప్పి సెన్సర్ తీశాడు. మిలమిల మెరుస్తోంది. వైరుని దాని తలకి తగిలించాడు. ఇంకో చిన్న తీగ తీసి ఒక కొస సెన్సర్ ఒంటికి, ఒక కొస ఇంజనుకి క్లిప్పు పెట్టాడు. కెటిల్లో ముంచాడు. ముల్లు బుద్ధిమంతుడిలా లేచి నిలబడింది.

"ల్యాబ్ వాళ్లూ ఇదే చెప్పారు. మూడూ బాగున్నాయి. బాగా లేనిది మీవాడి నాలుకే. ఇంకేమైనా సందేహమా?"

నేను డ్యాష్‌బోర్డు చూడటం లేదు. ఆ చిన్న తీగని చూస్తున్నాను.

"ఇదెందుకు పెట్టారు?"

"ఎర్తు. అది లేకపోతే పనిచెయ్యదు."

"ఇంజనులో బిగించి ఉన్నప్పుడు ఈ తీగ ఎవరు పెడతారు?"

"అప్పుడు అక్కర్లేదండీ. సెన్సర్ మరలు ఇంజను ఇనుముకి తగులుతాయి. ఎర్తు అలా అందుతుంది. ఆ మాత్రం తెలీకుండానే వచ్చారా?"

"తగలకపోతే?"

"మరలు వేసి బిగించింది ఎందుకు తగలదు?"

టార్చి అడిగి తీసుకున్నాను. సెన్సర్ బిగించే రంధ్రంలోకి వేసి చూశాను. నల్లటి మడ్డి. చొక్కాకి ఉన్న పిన్నీసు తీసి మరల గాడిలో గీరాను. మొదట మసి వచ్చింది. తరవాత దాంతో పాటు సన్నటి తెల్లపొర ఒకటి, తామరతూడు నారలా సాగుతూ వచ్చింది. దాన్ని పిన్నీసు మొన మీద పెట్టి ఇస్త్రీ ముక్కు ముందు ఉంచాను.

"దూది" అన్నాడాయన.

"దూది ఇలా సాగదు. టెఫ్లాన్ టేపు. ట్యాపు బిగించేటప్పుడు నీళ్లు కారకుండా మరల చుట్టూ చుట్టే టేపు." హెడ్ కానిస్టేబులు వైపు తిరిగాను. "దీన్ని విప్పింది ఎవరు?"

"నేనేనండీ."

"విప్పినప్పుడు చుట్టూ తెల్లగా ఏమైనా ఉందా?"

"ఉందండీ, బూజులాగా. మురికిగా పంపితే ల్యాబ్ వాళ్లు మొహం మీద తిడతారండీ. అందుకని బ్లేడుతో గీకి, కిరసనాయిలుతో కడిగి..."

"హెడ్డూ" అన్నాడు ఇస్త్రీ.

"సార్."

"నోరు మూసుకో."

ఇస్త్రీ ఆ పొరని పిన్నీసు మీంచి తీసి రెండు వేళ్లతో సాగదీసి చూశాడు.

"స్టేషనులో ఈ టేపు ఉందా?" అన్నాను.

ఉంది. వాళ్ల బాత్రూంలో కారే ట్యాపు కోసం ఎప్పుడో తెప్పించారు. ట్యాపు ఇంకా కారుతూనే ఉంది, చుట్ట విప్పనే లేదు. నేను సెన్సర్ మరల మీద మందంగా చుట్టాను. రంధ్రంలో పెట్టి బిగించాను. వైరు తగిలించాను. చిన్న తీగ పెట్టలేదు. పైన హోస్ పైపు ఊడదీసి, మరిగే నీళ్లు సెన్సర్ మునిగేలా హెడ్డు చేత పోయించాను.

ముల్లు కదిలింది. వేలెడు లేచింది. అక్కడే ఆగిపోయింది. కింద ఆవిరి వస్తోంది, హెడ్డు "అబ్బా" అని చెయ్యి ఊదుకుంటున్నాడు, ముల్లు మాత్రం చల్లగా కూర్చుంది. సగానికి బాగా కింద.

సెన్సర్ విప్పాను. టేపు పీకేశాను. మళ్లీ బిగించి, ఇంకో కెటిల్ పోయించాను. ఈసారి ముల్లు సగం దాటింది, ఎర్రగీత వైపు పాకింది.

"మూడూ బాగున్నాయి. వాటిని కలిపేచోట ఈ టేపు అడ్డుంది. మొత్తం అడ్డుపడితే ముల్లు చచ్చినట్టు పడి ఉండేది, వాడికి అనుమానం వచ్చేది. ఎక్కడో కాస్త తగులుతోంది. అందుకే కొంచెం లేచి ఆగిపోయేది. వారంనుంచి బండి చల్లగా నడుస్తోందని వాడు మురిసింది ఇందుకే."

"అంటే మీవాడు అబద్ధం చెప్పలేదంటారు."

"చెప్పలేదు."

ఆ మాట నా నోటివెంట వచ్చాక దాని వెనకే ఇంకో మాట తోసుకొచ్చింది. అయితే ఆ రోజు కూడా బండి నిజంగానే ఆగిందేమో. దాన్ని అక్కడే తొక్కేశాను. బండి ఆగినా కాళ్లున్నాయి కదా. పరుగెత్తి రావచ్చు కదా.

"ఇక ఫోను సంగతి చూడండి" అన్నాను. "ఓనరు తమ్ముణ్ణి పిలిచాడు. తలుపు పగలలేదు, అద్దం పగలలేదు. లోపల ఉన్న మనిషి తెలిసినవాడికే తలుపు తీస్తాడు. చంపి, లోపలి మీట నొక్కి తలుపు మూస్తే దానంతటదే తాళం పడే కారు ఇది. తాళంచెవి అక్కర్లేదు. ఫోను కంపెనీని అడిగితే ఆ కాల్ ఉందో లేదో చెబుతారు. మూడు రోజులై మీరు అడగలేదు."

ఇస్త్రీ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మడత పెట్టాడు. మళ్లీ మడత పెట్టాడు. తరవాత నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నేను ఏదో తప్పు చేశానని తెలిసింది. ఏం తప్పో తెలియలేదు.

"డిటెక్టివ్ గారూ, మీకు దండం పెట్టాలి. నా కేసు ఇప్పటిదాకా ఒంటికాలి మీద కుంటుతోంది. రెండో కాలు మీరు తగిలించారు."

"ఎలా?"

"ఈ టేపు ఎవరు చుడతారు? మెకానిక్ చుట్టడు. చుడితే ముల్లు పనిచెయ్యదని వాడికి తెలుసు. చుట్టేవాడు ఎవడు? నీళ్ల పైపుల మనిషి. పైపు ఫిట్టరు. రాత్రిళ్లు ఆ బండి ఎవరి ఇంటి ముందు ఉంటుంది?"

ఇస్త్రీ నా చేతిలోని టార్చి వెనక్కి తీసుకున్నాడు.

"పోయిన ఏడాది ఈ ఓనరు కోల్డ్ స్టోరేజ్‌లో పైపు ఊడి అమ్మోనియా గ్యాస్ బయటికొచ్చింది. అందులో ఊపిరితిత్తులు కాలినవాడు ఒకడున్నాడు, గుర్తుందా? పైపు ఊడటానికి వాడి జాయింటే కారణమని ఓనరు పనివాళ్లందరి ముందూ తిట్టి, మెడ పట్టి గెంటించాడు. ఆ ఫిట్టరు ఇప్పుడు నా స్టేషను ముందు గదిలో కూర్చుని దగ్గుతున్నాడు. మీ మామగారు."

నాకెందుకు తట్టలేదు? మా ఇంట్లో ట్యాపులు ఆయన బిగించినవే. షవరు ఆయన బిగించిందే. గొడుగు పిడి వదులైతే దానికీ ఆ టేపే చుట్టి ఇచ్చాడు. అది ఇప్పటికీ ఊడలేదు. ఆ తెల్లపొర పిన్నీసు మీదికి రాగానే నా చెయ్యి ఆగిపోయి ఉండాల్సింది. మూడేళ్ల పిల్లాడు చెబుతాడు అది ఎవరి పనో. గెలుస్తున్నానన్న కండకావరంలో నేను చూసుకోలేదు.

"తండ్రి ముల్లుని కట్టేశాడు. కొడుకు మెడని కట్టేశాడు" అన్నాడు ఇస్త్రీ. "బండి కొండ మీద ఆగాలి, తప్పు ముల్లుదవ్వాలి. హెడ్డూ, లోపలివాణ్ణి తీసుకురా."

*

మా వాడు షట్టరు కింద వంగి వచ్చాడు. చేతులకి బేడీలు. లోపల నలుగురం అయ్యేసరికి ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతోందో తెలియడం లేదు. వాడు నా ముఖం చూశాడు. ఏదో మంచి కబురు ఉందనుకున్నాడు పాపం, కళ్లు వెలిగాయి.

"దొరికిందా బావా?"

నేను మాట్లాడకముందే ఇస్త్రీ ఆ తెల్లపొర చూపించాడు. "ఇది సెన్సర్ మరల్లో దొరికింది. దీనివల్లే ముల్లు లేవలేదు. నువ్వు చెప్పింది నిజమేరా అబ్బాయ్. సంతోషమేనా?"

వాడు దాన్ని చూశాడు. చూస్తూ ఉండగానే వాడి ముఖంలో వెలుగు ఆరిపోయింది. పొద్దుటినుంచి కుదురుగా ఉన్న చేతులు వణికాయి. బేడీ గొలుసు చప్పుడైంది.

"నేనే చుట్టాను" అన్నాడు.

"ఒరేయ్" అన్నాను.

"నేనే చుట్టాను సార్. నేనే చంపాను. కావాలని బండి ఆపి చంపాను. రాసుకోండి. మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు."

"ఒరేయ్, నోరు ముయ్యి. ఎవరూ అడక్కుండానే..."

"నువ్వూరుకో బావా. నువ్వెప్పుడూ నన్ను నమ్మలేదు కదా. ఇప్పుడెందుకు కొత్తగా?"

మూడు రోజులు కొట్టినా చంపలేదన్నవాడు చిటికెడు టేపు చూసి చంపానన్నాడు. వాడు ఏమనుకున్నాడో నాకు తెలిసింది. తండ్రే పగబట్టి చేశాడనుకున్నాడో, లేదా ఇస్త్రీ అలా అనుకుంటాడని భయపడ్డాడో. రెంటికీ వాడికి తోచిన మందు ఒకటే.

ఇస్త్రీ తెలివితక్కువవాడు కాదు. ఆ తెలివిని తనకి నచ్చిన చోటే వాడతాడు, అదే వచ్చిన చిక్కు. "చుట్టింది నువ్వేనా? ఏదీ, చుట్టి చూపించు" అని సెన్సరూ టేపు చుట్టా వాడి చేతిలో పెట్టాడు.

వాడు బేడీలతోనే చుట్టడం మొదలుపెట్టాడు. రెండో చుట్టుకే నాకు అర్థమైంది. మర తిరిగే వైపు కాకుండా ఎదురు వైపు చుడుతున్నాడు. అలా చుట్టి బిగిస్తే లోపలికి వెళ్లే కొద్దీ టేపు విడిపోయి పేలికలై బయటికొస్తుంది. రంధ్రం గాడిలో నాకు దొరికిన పొర అలా పేలిక కాదు. గాడిలో నున్నగా, అంటించినట్టు కూర్చుని ఉంది. వాడు జన్మలో టేపు చుట్టినవాడు కాదు.

ఆ మాట అంటే వాడు బయటపడతాడు. ఆ మాట అంటే మా మామ లోపలికి పోతాడు. అనకపోతే వీడు పోతాడు. అటు కొడుకు, ఇటు తండ్రి, మధ్యలో నా నాలుక. రేకుల వేడికి చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఎత్తడానికి కూడా చోటు లేదు.

"ఏంటి డిటెక్టివ్ గారూ, ఏదో అనబోయారు?"

"లేదు" అన్నాను.

"ఏవైపు చుట్టాలో మీకు తెలిసినట్టుంది. ఇందాక మీరు చుట్టినప్పుడు చూశాను. అటువైపు చుట్టారు. వీడు ఇటువైపు చుడుతున్నాడు."

చూశాడు. అన్నీ చూశాడు. నేను చెబితే విందామని ఆగాడంతే.

అప్పుడు దగ్గు వినిపించింది. షట్టరు అవతల రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. కొడుకుని ఎటు తీసుకెళ్తున్నారో అని వెనకాలే వచ్చినట్టున్నాడు. హెడ్డు అడ్డం వెళ్లేలోపే మా మామ వంగి లోపలికి వచ్చేశాడు. గ్యాస్ పోయిన ఏడాది ఊపిరితిత్తుల్నే కాదు, చెవుల్నీ కాస్త తిన్నది. మా మాటలేవీ ఆయనకి వినపడి ఉండవు. కనపడింది మాత్రం ఒకటే. కొడుకు చేతిలో టేపు.

"ఎవడ్రా నీకు అలా చుట్టమని చెప్పింది?"

"నాన్నా, నువ్వు వెళ్లు."

"ఎదురు చుడతావేంట్రా? ఊడిపోదూ?" ఇస్త్రీ వైపు తిరిగాడు. "వీడికి చుట్టడం ఎక్కడొచ్చు సార్? చిన్నప్పుడు ట్యాపు విప్పమంటే ఇల్లంతా చెరువు చేశాడు. స్టీరింగు తిప్పడం తప్ప చేతకాదు."

"నాన్నా!"

"మామయ్యా, మీరు బయటికి నడవండి" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"మరి దీనికి చుట్టింది ఎవరు పెద్దాయనా?" అన్నాడు ఇస్త్రీ. ఎంతో మెల్లగా, చెవి దగ్గరికి వంగి, సొంత తండ్రిని అడిగినట్టు అడిగాడు.

"నేనే సార్. వారమైంది. పొద్దున లేచి చూస్తే బండి కింద చుక్కలు చుక్కలుగా నీళ్లు. వీడేమో గుర్రుపెట్టి నిద్ర. లేపడం దేనికని నేనే బానెట్ ఎత్తాను. ఇదిగో, ఈ ఇత్తడి ముక్క దగ్గర కారుతోంది. విప్పి, నాలుగు చుట్లు ఎక్కువే వేసి బిగించాను."

మా వాడు గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. హెడ్డు తన బూట్లు చూసుకుంటున్నాడు.

మా మామ కొడుకు చేతిలోంచి సెన్సర్ లాక్కున్నాడు. గోటితో ఆ తప్పుడు చుట్లు పీకి పారేశాడు. టేపు కొసని బొటనవేలితో నొక్కిపట్టి, మర తిరిగే వైపు, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చుట్టడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చినప్పుడు ఆగుతున్నాడు. వేళ్లు మాత్రం పట్టు వదలడం లేదు. ఒక్కో చుట్టు పడుతుంటే ఇస్త్రీ దాన్ని సంతకం పడుతున్న కాగితాన్ని చూసినట్టు చూస్తున్నాడు. ఆపమని ఆయన అనలేదు. ఆపుదామని నేను చెయ్యి చాచాను. మధ్యలో మా వాడి భుజం, వాడి వెనక కారు తలుపు. చెయ్యి అందలేదు.

చుట్టడం అయ్యాక కొసని తుంచి, బొటనవేలితో సాపు చేసి, సెన్సర్‌ని బల్బు వెలుగులో తిప్పి చూసుకున్నాడు.

"ఆ ఓనరు పోయాడు, పోయినవాణ్ణి అనకూడదు. నా జాయింటు కారిందని పదిమందిలో అన్నాడు సార్. ముప్పయ్యేళ్లలో నా జాయింటు కారలేదు. ఆ రోజు ఊడింది పైపు. నా జాయింటు ఉన్నచోట ఉన్నట్టే ఉంది. ఎవడూ చూళ్లేదు."

"షట్టరు దించెయ్ హెడ్డూ" అన్నాడు ఇస్త్రీ. "ఇంకో జత బేడీలు పట్రా."

షట్టరు నేలని తాకింది. కాళ్ల దగ్గరున్న వెలుగు కూడా పోయింది. బయట అరుపులు దూరమయ్యాయి. మా మామకి బేడీల మాట వినపడలేదు. సెన్సర్‌ని నా అరచేతిలో పెట్టి, నా ముఖంలోకి చూశాడు.

"అల్లుడూ, నువ్వు విప్పి చూసినట్టున్నావు. నిజం చెప్పు. ఇది కారిందా?"

"లేదు మామయ్యా" అన్నాను. "చుక్క కూడా కారలేదు."